బీటీఐ మాక్రో ఉండవలసిన చోటు

ఆర్మ్64 (64-బిట్ ఆర్మ్ ప్రాసెసర్ల) లినక్స్ కెర్నల్ కోసం రాసిన బీటీఐ (పరోక్ష జంప్‌లు, కాల్‌లు చేరదగిన చోటును గుర్తుపెట్టే ఇన్‌స్ట్రక్షన్) మాక్రోను ఎంట్రీ.ఎస్‌లో పెడితే మిగతా అసెంబ్లీ ఫైళ్లకు కనిపించడం లేదనీ, లింకేజ్.హెచ్ హెడర్ ఫైలులోకి మార్చగానే సీ ఫైళ్ల కంపైలేషన్ ఆగిపోతోందనీ మీరు రాశారు. లింకేజ్.హెచ్‌ను సీ కోడ్ కూడా చేర్చుకుంటుంది. మాక్రోను నిర్వచించే, డాట్‌తో మొదలయ్యే అసెంబ్లర్ ఆదేశం సీ కంపైలర్‌కు అర్థం కాదు.

దానికి తగిన చోటు అసెంబ్లర్.హెచ్ అని నా దృఢమైన అభిప్రాయం. సీ కోడ్ పొరపాటున చేర్చుకుంటే ఆ ఫైలు తన మొదట్లోనే ఎర్రర్ చూపి ఆపేస్తుంది కనుక, ఇప్పుడు మీకు ఎదురైన చిక్కు అక్కడ తలెత్తదు. లింకేజ్.హెచ్‌లో మాత్రం, అసెంబ్లీ గార్డు (అసెంబ్లీ ఫైళ్లకు మాత్రమే కనిపించే భాగం) లోపల, అసెంబ్లర్.హెచ్‌ను చేర్చుకుని, ఫంక్షన్ ఆరంభాన్ని సూచించే సిమ్ ఫంక్ స్టార్ట్‌లో ‘బీటీఐ సీ’ని (కాల్‌లు చేరే చోటుకు వాడే రకం) వాడితే, ప్రతి అసెంబ్లీ ఫంక్షన్‌లోనూ దాన్ని చేత్తో రాయవలసిన పని తప్పుతుంది.

మాక్రో లోపల అసలు ఇన్‌స్ట్రక్షన్ పేరు రాయకండి. బీటీఐ ఆర్మ్ వి8.5తో వచ్చింది కాబట్టి పాత అసెంబ్లర్లు ఆ పేరును గుర్తించవు. ‘హింట్ 34’ అని రాస్తే ‘బీటీఐ సీ’ ఎన్‌కోడింగే వస్తుంది, పాత ప్రాసెసర్లు దాన్ని నోప్‌గా (ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్‌గా) దాటేస్తాయి. జంప్‌ల కోసమైన ‘జె’ రకానికి 36, రెండింటికీ పనికొచ్చే ‘జెసి’కి 38. ఎంట్రీ.ఎస్‌లోని పాత నిర్వచనాన్ని తప్పక తొలగించండి. లేకపోతే మాక్రో ఇదివరకే నిర్వచితమైందన్న ఎర్రర్ వస్తుంది.