మత స్వేచ్ఛకు ఒక రాయబారి

ప్రశ్న: ప్రపంచ దేశాల్లో మత స్వేచ్ఛ కోసం అమెరికా ఒక రాయబారిని నియమిస్తుందని చదివాను. ఆయన చేసే పని ఏమిటి? ఇతర దేశాలు ఆయన మాట ఎందుకు వినాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: 1998లో చేసిన అంతర్జాతీయ మత స్వేచ్ఛా చట్టం ద్వారా ఈ పదవి ఏర్పడింది. ఈ రాయబారి ఏ ఒక్క దేశానికీ పరిమితం కారు. వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖలో ఉంటూ, దేశదేశాల పరిస్థితిపై వార్షిక నివేదిక తయారీని పర్యవేక్షిస్తారు. తీవ్ర ఉల్లంఘనలకు పాల్పడే దేశాలను ‘ప్రత్యేక ఆందోళన కలిగించే దేశాలు’గా విదేశాంగ మంత్రి ప్రకటిస్తారు; ఈ జాబితాకెక్కిన దేశాలపై ఆంక్షలు విధించే వీలుంటుంది.

ఎందుకు వినాలన్న దానికి వియత్నాం ఉదంతం మంచి జవాబు. అక్కడి మధ్య పీఠభూమిలోని గిరిజన ప్రాటెస్టెంట్ల చేత బలవంతంగా మతాన్ని వదిలిస్తున్నారని, వారి ప్రార్థనా స్థలాలను మూయిస్తున్నారని ఆరోపణలు రావడంతో 2004లో ఆ దేశాన్ని జాబితాలో చేర్చారు. అప్పటి రాయబారి జాన్ హాన్‌ఫర్డ్ ఆంక్షల దాకా పోనివ్వకుండా చర్చలు సాగించగా, 2005 మేలో ఒప్పందం కుదిరింది. బలవంతపు మతత్యాగాలను నిషేధించడానికి, మూసిన ప్రార్థనా స్థలాలను తిరిగి తెరవనివ్వడానికి హనోయ్ అంగీకరించింది. మత స్వేచ్ఛపై మమకారం కన్నా, ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాలన్న ఆత్రమే హనోయ్‌ను ఎక్కువగా కదిలించిందని నా అభిప్రాయం. 2006 నవంబరులో, అధ్యక్షుడు బుష్ అక్కడికి వెళ్లడానికి కొద్ది రోజుల ముందు, వియత్నాం పేరు తీసేశారు. అది తొందరపాటని, ప్రభుత్వానికి సిఫారసులు చేసే అమెరికా మత స్వేచ్ఛా కమిషనే ఆక్షేపించింది. అదే 2004లో జాబితాకెక్కిన సౌదీ అరేబియాకు మాత్రం, పేరు కొనసాగినా, ఆంక్షల నుంచి మినహాయింపు దక్కింది. చమురు దగ్గరికి వచ్చేసరికి చట్టం మెత్తబడిందనుకోవాలి.

ప్రశ్న: ఆ జాబితాలో మన దేశం ఉందా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: 2024 జనవరిలో ప్రకటించిన జాబితాలో లేదు. పైన చెప్పిన కమిషన్ వేరు, రాయబారి కార్యాలయం వేరు; మన పత్రికలు తరచు ఈ రెంటినీ కలిపేస్తుంటాయి. భారత్‌ను చేర్చాలని 2020 నుంచి సిఫారసు చేస్తున్నది కమిషన్. దాని సిఫారసును విదేశాంగ శాఖ పాటించి తీరాలన్న నియమం లేదు. కమిషన్ నివేదికలు పక్షపాతంతో కూడినవంటూ మన విదేశాంగ శాఖ తోసిపుచ్చుతూ వచ్చింది. బిహార్ మూలాలున్న రషద్ హుస్సేన్ 2022లో రాయబారి అయ్యాక కూడా జాబితా విషయంలో మార్పు రాలేదు. రాయబారి కార్యాలయపు వార్షిక నివేదికలో భారత్‌పై అధ్యాయం ఉంటుంది గానీ, అందులో ఒక ఘటనను పేర్కొన్నంత మాత్రాన ఏ చర్యా మొదలు కాదు.