తెగిన పోగు దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

జపాన్‌లో కొత్త మగ్గాలు కనిపెట్టిన సకిచి టొయోడా మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ చేతిలో ఉంది కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మొదటి పేజీ తీసేయ్. "టయోటా కారు ఎక్కనివాళ్లు ఉండరేమో" అని ఎత్తుకున్నావు. మా వీధిలో సగం మంది ఎక్కలేదు. పైగా ఆయన కారు తయారుచేసిన మనిషి కాదు. 1930 అక్టోబరులో కన్నుమూశాడు. టయోటా మోటార్ కంపెనీ 1937లో పుట్టింది, కొడుకు కీచిరో చేతుల మీదుగా. నువ్వు కారుతో మొదలుపెడితే పాఠకుడు చివరిదాకా కారు ఎప్పుడొస్తుందా అనే చూస్తుంటాడు. మగ్గం దారిలో తగిలిన స్టేషన్ అయిపోతుంది. నిజానికి దిగాల్సిన ఊరు అదే.

రెండో పేజీలో వాళ్లమ్మ నేస్తూ నేస్తూ కళ్లొత్తుకుని "నాయనా, ఈ కష్టం ఎప్పటికి తీరుతుందో" అంటుంది. ఎవరు విన్నారమ్మా ఆ మాట? 1867లో ఇప్పటి షిజువోకా రాష్ట్రం, కోసాయి దగ్గర పల్లెలో పుట్టాడు. తండ్రి వడ్రంగి, తల్లి నేసేది. ఉలి, చెక్క, మగ్గం మూడూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఆ మూడింటినీ ఒకచోట చూపించు చాలు, కన్నీళ్లు అక్కర్లేదు.

ఆ పేజీలోనే ఆయన్ని "జపాన్ మల్లేశం" అన్నావు. పోలిక ఎందుకు తట్టిందో అర్థమైంది. మన ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు, నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోసీ పోసీ తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక యంత్రం చేశారు. దానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ భుజం నొప్పి సంగతి ఆయన తన నోటితో చెప్పుకున్నది. నువ్వు దాన్ని అరువు తెచ్చి సకిచి ఇంట్లో పెట్టావు. ఇద్దరికీ అన్యాయమే.

ఇక అసలు సంగతి. నీ వ్యాసంలో "వేగం" అనే మాట పదకొండు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. "ఆగడం" ఒక్కచోటా లేదు. సకిచిలో నాకు ముఖ్యమనిపించేది అదే.

నా తప్పొకటి చెబుతాను. నలభై ఏళ్ల కిందట ఒక వారపత్రికకి నేత మీద పెద్ద వ్యాసం రాసి, నిలువు పోగులైన పడుగును పేక అనీ, అడ్డపోగైన పేకను పడుగు అనీ రాశాను. అచ్చయ్యాక ఒక ముసలి నేతగాడు ఇంటికి పిలిపించి, ఏమీ అనకుండా గుంట మగ్గం పక్కన కూర్చోబెట్టాడు. నేస్తూ నేస్తూ ఉన్నట్టుండి ఆగాడు. నాకేమీ కనిపించలేదు. వందల పోగుల్లో ఒకటి తెగింది. రెండు కొసలూ వెతికి పట్టుకుని, వేలు తడి చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలితిప్పి కలిపాడు. "చూసుకోకుండా నాలుగు వేళ్లు నేసుకుపోతే చీరలో సందు పడుతుంది, ఇక అది ఎవరూ కొనరు" అన్నాడు.

ఇప్పుడు ఆ చేతి స్థానంలో ఆవిరి యంత్రాన్ని పెట్టి చూడు. దానికి కళ్లుండవు. పోగు తెగినా పేక నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది, పాడైన గుడ్డ గజాలకు గజాలు వస్తూనే ఉంటుంది. కనిపెట్టుకుని ఉండటానికి మగ్గం పక్కన మనిషి నిలబడాల్సిందే.

సకిచి 1890లో చేసిన మొదటి మగ్గం చెక్కది, చేత్తో నేసేదే. అంతకుముందు రెండు చేతులూ పెట్టాల్సిన పని ఒంటి చేత్తో అయ్యేట్టు చేశాడు. మరుసటేడు పేటెంట్ వచ్చింది. మరికొన్నేళ్లకి మరమగ్గం చేశాడు. దాన్లో పేక తెగితే మగ్గం తనంతట తనే ఆగుతుంది. ఇక్కణ్ణుంచి 1924 నాటి జి రకం మగ్గం దాకా దాదాపు ముప్ఫై ఏళ్లు. అందులో నాడెలో నూలు అయిపోతే మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి కూర్చుంటుంది. పడుగు పోగు తెగితే మాత్రం ఠక్కున ఆగుతుంది. ఒక్కో పోగును పట్టుకుని ఒక సన్నటి లోహపు రేకు వేలాడుతుంటుంది, పోగు తెగితే అది జారి పడుతుంది. ఆ పడటమే మగ్గానికి కబురు. నువ్వు "అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానం" అని రాసినచోట ఈ రేకును పడనివ్వు.

దాంతో ఒక్క మనిషి 30కి పైగా మగ్గాలు చూసుకోగలిగేది. చూసుకున్నవాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి మిల్లులకు వచ్చిన ఆడపిల్లలు. మిగతా మగ్గాల దగ్గర నిలబడాల్సిన పిల్లలు ఏమయ్యారని నీకు అనిపించలేదా? జవాబు దొరక్కపోతే ప్రశ్నగానైనా ఉంచు.

1910 సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. తన పేరు పెట్టుకున్న కంపెనీ నుంచే ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. నలభై మూడేళ్ల వయసు. ఆ కోపంతోనో, కుంగుబాటుతోనో అమెరికా, యూరప్ తిరిగి మిల్లులు చూశాడు, వచ్చి నగోయాలో మళ్లీ సొంతంగా మొదలుపెట్టాడు. కనీసం రెండు పేజీలు ఇక్కడ ఖర్చుపెట్టు. అవార్డుల జాబితా కోసేస్తే చోటు అదే వస్తుంది.

ఇంకో రెండు. "ఎందుకు అని ఐదుసార్లు అడుగు" అన్నది ఆయన నోట్లో కొటేషన్ మార్కులతో పెట్టావు. తప్పు మూలం దొరికేదాకా అలా అడుగుతూ పోయే ఆ పద్ధతి ఆయనదని కంపెనీవాళ్లు చెప్పుకుంటారు. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు టయోటా ఇంజనీరు తైచి ఓనో, ఆయన టొయోడా వాళ్ల మిల్లులో చేరిందే 1932లో. "ఆయనదిగా చెబుతారు" అని రాయి, మార్కులు తీసేయ్. అలాగే 1929లో ఇంగ్లండ్‌లోని నేత యంత్రాల కంపెనీ ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు ఆయన మగ్గం పేటెంట్ హక్కులు కొనడం నిజం. ఆ డబ్బే నేరుగా కారైపోయిందన్న కథ మాత్రం మరీ నున్నగా ఉంది. సొమ్ము విడతలుగా వచ్చింది. కథ అంత నున్నగా ఉంటే నాకు ఎప్పుడూ అనుమానమే.

మళ్లీ రాసేముందు ఒకసారి సిరిసిల్ల వెళ్లు. మరమగ్గాల షెడ్డులో ఒక పూట నిలబడు, మాట వినపడదు, చెవుల్లో దూది పెట్టుకో. పోగు తెగినప్పుడు ఎవరు ముందు గమనిస్తారో చూడు, మనిషా, మగ్గమా. చూసింది ఆ రాత్రే నోట్‌బుక్‌లో రాసుకో.

ఈసారి ప్రింట్ కాస్త పెద్ద అక్షరాల్లో తీసి పంపు. కంటి ఆపరేషన్ వచ్చే నెలలో ఉంది, ఆలోపు అందితే మేలు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు