రెండు కార్డులు, ఒకటే నంబర్లు

పాపా,

నువ్వు కెమెరా కొన్నావని, మాఘంలో తిరుచానూరులో పెళ్ళి ఆర్డరు కూడా ఒప్పుకున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. నా తర్వాత మనింట్లో కెమెరా పట్టేవాళ్ళు ఎవరూ లేరనుకున్నా. రాత్రంతా నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్. ఫొటో ఎలా తీయాలో నీకు నేను చెప్పక్కర్లేదు. తీసినవి కంప్యూటర్లోకి ఎక్కించే దగ్గరే నా భయమంతా.

మామూలు సంగతులు నీకు తెలుసు. కేబుల్ పెట్టి కెమెరా నుంచే ఎక్కించకు, మధ్యలో బ్యాటరీ అయిపోతే చిక్కు. మెమరీ కార్డు బయటికి తీసి కార్డు రీడర్లో పెట్టి ఎక్కించు. కెమెరా మీద లైటు మినుకుమంటుంటే కార్డు తలుపు తీయకు. కట్ కొట్టకు, కాపీ కొట్టు. అంతే.

ఇక ఒక్కో ఫొటో ఫైలుకి కెమెరా పెట్టే నంబర్ల సంగతి. ఇది మాత్రం నిదానంగా చదువు.

కానన్ అయితే ఐఎంజీ అని, నికాన్ అయితే డీఎస్‌సీ అని, దాని వెనక నాలుగంకెలు. 0001 నుంచి 9999 దాకా పోయి మళ్ళీ మొదటికి వస్తాయి. ఏ కెమెరాకైనా అవే నంబర్లు.

2009లో, నా స్టూడియో గాంధీ రోడ్డులో ఉన్నప్పుడు, పుత్తూరు దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. నా చేతిలో ఒక కెమెరా, అసిస్టెంటు కుర్రాడి చేతిలో అదే మోడల్ ఇంకొకటి. రెండూ కొత్తవి, రెండూ 0001తోనే మొదలు. తెల్లారి ఇంటికొచ్చి, కళ్ళు మూతలు పడుతుంటే, రెండు కార్డులూ ఒకే ఫోల్డర్లో పోశాను. ముందు నాది, తర్వాత వాడిది. ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటావా అని కంప్యూటర్ అడిగింది. పాపం, అది అడిగింది! నేనే అన్నిటికీ ఎస్ కొట్టి పడుకున్నా. సాయంత్రం సీమంతం ఆర్డరుంటే కార్డులు రెండూ ఫార్మాట్ చేసి, అంటే ఖాళీ చేసుకుని వెళ్ళా.

జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అన్నీ నా కార్డులోవే. వాడు నాకన్నా ఎక్కువ తీశాడు కాబట్టి నాది ఒక్కటీ మిగల్లేదు. మిగిలినవన్నీ భోజనాల బంతులు. ఫార్మాట్ చేసినా ఫొటోలు వెంటనే చెరిగిపోవు, వాటి మీద కొత్తవి పడేదాకా సాఫ్ట్‌వేర్‌తో రాబట్టొచ్చు. నేనేమో వాటి మీద సీమంతం తీసి పెట్టుకున్నా. 41 దొరికాయి, సగానికి కింద అంతా బూడిదరంగే.

పెళ్ళికూతురి నాన్న బాకీ డబ్బులు చేత్తో పట్టుకునే వచ్చాడు. తిడతాడనుకున్నా. కాసేపు స్టూలు మీద కూర్చుని, "మల్లా ఒకసారి కట్టిస్తే సరిపోదా సార్?" అన్నాడు. మూడు వారాల తర్వాత ఇద్దరినీ స్టూడియోకి తీసుకొచ్చాడు. అదే చీర. గోరింటాకు వెలిసిపోయింది, వేళ్ళు లోపలికి ముడుచుకోమన్నా. మెడలో తాళి ఉండనే ఉంది, దాని మీదే ఇంకో పసుపుతాడు పట్టుకుని నిలబడ్డాడు అబ్బాయి. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. బ్యాక్‌గ్రౌండు వెనక నిలబడి నేను కళ్ళు తుడుచుకున్నా. ఆల్బమ్‌లో ఆ పేజీ దగ్గర ఇప్పటికీ ఎవరైనా నవ్వుతూనే ఉంటారేమో.

అందుకే చెప్తున్నా. ఒక్కో కార్డుకి ఒక్కో ఫోల్డర్, పేరులో తేదీ, కార్డు నంబరు. కార్డు డబ్బా మీద చిన్న ప్లాస్టర్ అతికించి నంబరు రాసుకో. కార్డు మార్చినా ఫైలు నంబరు మళ్ళీ మొదటికి రాకుండా వరుసగా సాగేలా కెమెరా మెనూలో పెట్టుకో. కార్డులో ఎన్నున్నాయో, ఫోల్డర్లో అన్నీ వచ్చాయో లెక్క చూడు. మొదటిది, మధ్యలోది, చివరిది తెరిచి చూడు. ఆ తర్వాత బయటి హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ. ఆల్బమ్ వాళ్ళ చేతికి అందేదాకా ఫార్మాట్ మాట ఎత్తకు. నిద్రొస్తుంటే అసలు కంప్యూటరే ఆన్ చేయకు, మొండిదానా, పొద్దున లేచి చూసుకోవచ్చు.

రాత్రి ముహూర్తమైతే మండపం నుంచి బండి మీద ఒక్కదానివే రావద్దు, తమ్ముణ్ణి తోడు తెచ్చుకో. నా పాత కార్డు రీడర్ మీ అమ్మకిచ్చి పంపిస్తున్నా. దాని తీగ ఒకవైపు కాస్త వదులు, పట్టుకుని పెట్టు.

ఇట్లు,
మీ మామ