క్లౌడ్ బిల్లు మూడింతలైంది, శాఖ మాత్రం పైసా పెంచనంటోంది

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది చిన్న కంపెనీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉంది. ఉపగ్రహ చిత్రాలు, వర్షపాతం లెక్కలు క్లౌడ్‌లో దాచి అడిగినవాళ్లకి అందించే పనిని ఒక ప్రభుత్వ శాఖ నుంచి మూడేళ్లకి ఫిక్స్‌డ్ రేటుకి తీసుకున్నాం. డౌన్‌లోడ్లు పెరిగిపోయి మా క్లౌడ్ బిల్లు మూడింతలైంది. అదనంగా ఇమ్మంటే "అన్నీ కలిపే కోట్ చేశారు కదా" అంటున్నారు. పాత బిల్లులు రెండింటికి నాలుగు నెలలుగా డబ్బు రాలేదు. సర్వీస్ ఆపేయొచ్చా?

జవాబు: ఆపకండి. ఆపిన రోజు నుంచి తప్పు మీదవుతుంది. జరిమానా, బ్యాంకు గ్యారంటీ జప్తు, ఆపైన బ్లాక్‌లిస్ట్. బ్లాక్‌లిస్ట్ చేసే ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది గానీ, ఆ రక్షణని నమ్ముకుని సర్వీస్ కట్టేయడం తెలివైన పని కాదు.

డేటా లోపల పెట్టినందుకు కాదు, బయటికి పంపినందుకే క్లౌడ్ కంపెనీలు గట్టిగా పిండుతాయి. దీన్ని లెక్కలో మర్చిపోయింది మీరొక్కరే కాదులెండి, తన భూపరిశీలన డేటాని అమెజాన్ క్లౌడ్‌కి మారుస్తున్న నాసాకే ఈ ఖర్చు సరిగ్గా చూసుకోలేదని 2020 మార్చిలో ఆ సంస్థ సొంత తనిఖీ అధికారి (ఇన్‌స్పెక్టర్ జనరల్) అక్షింతలు వేశారు.

ఖర్చు పెరిగిందన్న ఒక్క కారణంతో మాత్రం మీకు డబ్బు రాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి నెయ్యి సరఫరా చూసిన ఆలోపి ప్రసాద్ కంపెనీ పాత రేటు గిట్టుబాటు కాలేదని ఎక్కువ అడిగితే, ఒప్పందం ఒప్పందమేనని 1960లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కాబట్టి "నష్టపోతున్నాం సార్" అని లేఖలు రాసి లాభం లేదు.

మరి దారేంటంటే, టెండర్ పత్రం మళ్లీ తీయండి. నెలకి ఇంత డేటా బయటికి పోతుందని, ఇంతమంది వాడతారని ఎక్కడైనా అంచనా ఇచ్చారా? టెండర్ వేసేముందు కంపెనీలు అడిగే (ప్రీ-బిడ్) ప్రశ్నలకి శాఖ ఇచ్చిన రాతపూర్వక జవాబులు, సవరణలు కూడా చూడండి, ఒప్పందంలో వాటిని భాగంగా చేర్చి ఉంటే బంగారం. ఉదాహరణకి 40 టెరాబైట్లని రాసి 150 వాడుకుంటుంటే అది ధర పెంచమనడం కాదు, అదనపు పనికి డబ్బు అడగడం, రెండింటికీ చాలా తేడా. ఏ అంకె లేకుండా "అన్నీ కలిపి" అని మాత్రమే ఉంటే కేసు బలహీనం, నిజం చెప్పాలి. అప్పుడు డౌన్‌లోడ్ చేసేవాడే ఖర్చు భరించే పద్ధతికో, రోజువారీ పరిమితికో శాఖని రాతపూర్వకంగా ఒప్పించండి. మీ అంతట మీరే పరిమితి పెట్టకండి.

పాత బిల్లుల సంగతి వేరు, అక్కడ మీ చెయ్యే పైన. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు దాటకుండా చెల్లించాలి. మీ సేవ మీద 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఆలస్యమైతే ఆర్బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. నోటీసు ఇచ్చి, ఇలాంటి బకాయిల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లండి. అక్కడి తీర్పుని కోర్టులో సవాలు చేయాలంటే శాఖ ముందు తీర్పు మొత్తంలో 75 శాతం డిపాజిట్ కట్టాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తేదీ ఒప్పందం కంటే ముందుదా? తర్వాతిదైతే వాళ్ల వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

ఈలోగా నెలనెలా వాడకం రిపోర్టులు డౌన్‌లోడ్ చేసి, శాఖకి ఈమెయిల్ పంపుతూ ఉండండి, ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావు.