పుస్తకంలో బజ్జీలు దాచొద్దు

అనంతపురం

పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం కర్నూల్లో డైటీషియన్ దగ్గరికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని. బరువు తగ్గుతావని ఎవరో అంటగట్టిన పౌడరు డబ్బాలకు నాలుగు వేలు పోశావని తెలిసినప్పుడే రాద్దామనుకున్నా. తిట్టినట్టుంటుందని ఊరుకున్నాను.

నేను మొదటిసారి వెళ్లినప్పటి సంగతి చెప్తా విను. అప్పటికి నాకు 58 ఏళ్లు, 81 కిలోలు, షుగరు. "పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం తింటారమ్మా?" అని అడిగింది డైటీషియన్. నా వయసులో సగం లేని పిల్ల. దాని ముందు చెప్పడానికి సిగ్గేసింది. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కాస్త సంగటి, రాత్రికి ఒక జొన్నరొట్టె అన్నాను. సాయంత్రం ఉగ్గాని, దాంతోపాటు మూడు మిరపకాయ బజ్జీలు, టీవీ ముందు వేయించిన చెనిక్కాయలు... ఇవేవీ చెప్పలేదు. పాపం, నా మాట నమ్మి చార్టు రాసిచ్చింది. నెలన్నరకు తగ్గింది అర కిలో. ఆ చార్టు ఎందుకూ పనికిరాదని వీధంతా చెప్పుకొచ్చాను కూడా.

రెండోసారి వెళ్తే ఏం తిన్నారని అడగనే లేదు. "నెలకు నూనె ఎంత తెస్తారు, ఇంట్లో ఎంతమంది?" అంది. ఐదు లీటర్ల డబ్బా, ముగ్గురం. నా చార్టు వెనకే లెక్క వేసింది. మనిషికి రోజుకు 55 మిల్లీలీటర్లు, అంటే దగ్గర దగ్గర 50 గ్రాములు. గ్రాముకు 9 క్యాలరీల చొప్పున 450. "ఇడ్లీలో ఇంత నూనె ఉండదు కదమ్మా" అని నవ్వింది. అప్పుడు బజ్జీలు బయటపడ్డాయి.

అందుకే, శనివారం వెళ్లేలోపు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని నాలుగు రోజులు నోట్లోకి పోయిందంతా రాయి. పిల్లలు వదిలేసిన దోసె ముక్క, ఆఫీసులో నాలుగో టీ, పెళ్లింటి లడ్డు, అన్నీ. మంచి రోజులు ఏరుకుని రాయకు. అందులో ఒక ఆదివారం ఉండాలి.

సంగటి తింటే సన్నబడతారని మనవాళ్లు ఊరికే అంటుంటారు. రాగులకూ బియ్యానికీ క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు పాపా. రాగుల్లో పీచు ఎక్కువ, కాల్షియం చాలా ఎక్కువ, అది నిజమే. పైగా మన సంగట్లో బియ్యం ఎటూ ఉంటాయి. అసలు విషయం ముద్ద సైజులో ఉంది. ఒకరోజు మా ఇంటి ముద్దను కాటా మీద పెడితే 420 గ్రాములు తూగింది! ఇప్పుడు అందులో సగం చేసుకుని, గిన్నెడు ఆకుకూర పప్పు, ఒక కూర ఎక్కువ పెట్టుకుంటున్నా. రోజుకు కూరగాయలు 400 గ్రాములు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెప్తారట. మేం ముగ్గురం కలిసి కూడా అంత తినేవాళ్లం కాదు. ఊరిబిండి మానలేదు, రెండు స్పూన్ల దగ్గర ఆపాను. చెనిక్కాయలు, అదే మీ కర్నూలోళ్ల బుడ్డలు, మంచివే. కానీ గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటేనే 170 క్యాలరీలు. నేను తినేది చేటతో.

శనివారం నీ డైటీషియన్ ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ రాసిస్తే అక్కడే చెప్పు, మా ఇంట్లో ఇవి వండరని. జొన్నలు, కొర్రలు, అలసందలు, పెసలు, గుడ్డు, మజ్జిగ... వీటితోనే రాసివ్వమను. మంచి డైటీషియన్ అయితే మార్చిస్తుంది. వండలేని చార్టు ఫ్రిజ్ మీద అంటించుకోవడానికే.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోకు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగరు, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ రిపోర్టులన్నీ పట్టుకుపో. వాడే మాత్రల చీటీ కూడా. కిడ్నీలో తేడా ఉంటే ప్రొటీన్ ఎంత తినాలనే లెక్కే మారిపోతుంది. నేను తొందరగా తగ్గాలని ఎవరికీ చెప్పకుండా రాత్రి భోజనం మానేసి షుగరు మాత్ర మాత్రం వేసుకున్నాను. తెల్లారుజామున షుగరు పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరిగాయి. మీ పెదనాన్న చక్కెర నీళ్లు తాగించాడు. తిండి తగ్గితే మాత్ర మోతాదు కూడా డాక్టరు చూడాలని తర్వాత తెలిసింది.

నువ్వు 78 కిలోలు కదా, ముందు నాలుగు కిలోలు అనుకో. వారానికి అర కిలో తగ్గితే చాలు. రోజూ మెషీన్ ఎక్కి టెన్షన్ పడకు, వారానికి ఒకసారి పొద్దున్నే చూసుకో. నడక సంగతి నేను చెప్పనక్కర్లేదు, రోజుకు అరగంట తీరిక చేసుకో.

నాకు 81 నుంచి 72కి రావడానికి ఏడాదిన్నర పట్టింది. మధ్యలో మీ అన్న పెళ్లిలో మూడు కిలోలు పెరిగాను, అదీ రాసుకున్నాను.

ఉగాదికి వస్తావు కదా, ఓలిగలు చేస్తాను. నోటుబుక్కు తెచ్చుకో. ఎన్ని తిన్నావో నా ముందే రాయాలి, నెయ్యితో సహా.

మీ పెద్దమ్మ