ప్యాకెట్ హెడర్‌లో బైట్ ఆర్డర్ తప్పు కనబడిన చోటే స్వాప్ పెట్టి ప్యాచ్ పంపొచ్చా?

కర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) ఐపీ హెడర్‌ను, అంటే ప్రతి ప్యాకెట్ ముందుండే వివరాలను, ఒక ఫంక్షన్ నెట్‌వర్క్ బైట్ ఆర్డర్‌లో (పెద్ద బైట్ ముందు), ఇంకోటి హోస్ట్ ఆర్డర్‌లో (మెషీన్ సొంత వరుస; ఎక్స్86లో చిన్న బైట్ ముందు) చదువుతోందని, తేడా ఉన్న చోట బైట్లు తిప్పే ఒక స్వాప్ పెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. దయచేసి అలాంటి ప్యాచ్ పంపకండి.

నేను హనుమకొండలో ఒక లోకల్ ఇంటర్నెట్ సర్వీసులో పనిచేసేవాణ్ణి. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గరి ఒక వ్యాపారి ఫోన్ చేశాడు. "తమ్మీ, నెట్ ఉన్నట్టే చూపిస్తున్నది గానీ ఒక్క సైటు తెరుచుకుంటలేదు. రైతులకు పైసలెట్ల పంపాలె?" అప్పటికే మావాళ్లు మోడెమ్ మార్చారు, కేబుల్ మార్చారు, అన్నీ ఆపి మళ్లీ ఆన్ చేశారు. ఏ సమస్యకైనా రీస్టార్టే మందు అనుకోవడం మన దగ్గర పెద్ద జబ్బు.

విండోస్ ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొడితే చక్కగా జవాబు వచ్చింది. అదే పింగ్‌కు మైనస్ ఎఫ్ ఇస్తే, అంటే 'ముక్కలు చేయొద్దు' అనే డీఎఫ్ బిట్ పెట్టి పంపితే, ఒక్క జవాబూ లేదు. ఆఫీసుకు వచ్చి మా రూటర్ బయటి ఇంటర్‌ఫేస్ మీద టీసీపీడంప్ (వెళ్లే ప్యాకెట్లను చూపే టూల్) పెట్టాను. ఆ వ్యాపారి పంపే ప్రతి టీసీపీ ప్యాకెట్‌కూ 'ఆఫ్‌సెట్ 512' అని ఉంది!

ఆఫ్‌సెట్ అంటే పెద్ద ప్యాకెట్‌లో ఈ ముక్క ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె. హెడర్‌లో అదీ డీఎఫ్ బిట్టూ ఒకే 16 బిట్ల ఫీల్డులో ఉంటాయి. డీఎఫ్ ఒక్కటే ఉంటే ఆ ఫీల్డు విలువ హెక్స్‌లో (16 ఆధారంగా లెక్క) 4000. రెండు బైట్లూ తారుమారైతే 0040, అంటే 64. ఫ్రాగ్మెంట్ ఆఫ్‌సెట్‌ను 8 బైట్ల చొప్పున లెక్కిస్తారు కాబట్టి 512. అవతలి సర్వర్ దాన్ని ఏదో పెద్ద ప్యాకెట్ చివరి ముక్క అనుకుని, మొదటి 512 బైట్ల కోసం ఎదురుచూసి, చివరికి పారేస్తుంది. హెడర్ పాడైందేమో పట్టే చెక్‌సమ్‌ను తారుమారయ్యాకే లెక్కించారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మామూలు విండోస్ పింగ్‌లో డీఎఫ్ ఉండదు, ఫీల్డు సున్నా. సున్నాను తిప్పినా సున్నానే.

మా రూటర్‌లో ఫ్రీబీఎస్‌డీ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. అందులో ప్యాకెట్ లోపలికి రాగానే లెంగ్త్, ఆఫ్‌సెట్ రెండింటినీ హెడర్‌లోనే హోస్ట్ ఆర్డర్‌కు మార్చేవారు. పాత బీఎస్‌డీ అలవాటు అది. అందులోని పీఎఫ్ అనే ఫైర్‌వాల్‌కు నెట్‌వర్క్ ఆర్డర్ కావాలి, అందుకని దాని ముందు ఒకసారి తిప్పి, తర్వాత మళ్లీ తిప్పేవారు. మధ్యలో ఒక కంపెనీ స్పీడ్ లిమిట్ మాడ్యూల్ ఒక దారిలో ఆఫ్‌సెట్‌ను తిప్పడం మరిచింది. చిట్టీ మీద కిలోలా క్వింటాళ్లా రాయకుండా అంకె ఒక్కటే వేసి చేతులు మార్చినట్టు. కంపెనీకి చెబితే పంపే చోట ఒక స్వాప్ పెట్టి ఇచ్చారు. వ్యాపారి లైను బాగైంది, ఇంకో దారిలో వెళ్లే కస్టమర్ల నెట్ పోయింది. మీరు పంపాలనుకుంటున్న ప్యాచ్ సరిగ్గా అలాంటిదే.

అసలు వైద్యం 2012లో ఫ్రీబీఎస్‌డీలోనే జరిగింది. హెడర్ ఎప్పుడూ నెట్‌వర్క్ ఆర్డర్‌లోనే ఉండాలి, లెక్కకు కావాలంటే లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుని తిప్పుకోవాలి. అది 10.0లో వచ్చింది. రా సాకెట్లలో (ప్రోగ్రాములు హెడర్‌ను నేరుగా చూసే దారిలో) మాత్రం పాత పద్ధతి 11.0 దాకా మిగిలింది; నెట్‌వర్క్‌ను స్కాన్ చేసే ఎన్‌మ్యాప్ లాంటి టూళ్లు బీఎస్‌డీల కోసం తమ కోడ్‌లో వేరే మాక్రో పెట్టుకోవాల్సి వచ్చింది. లైనక్స్‌లోనైతే ఇలాంటి ఫీల్డులకు వేరే టైపులున్నాయి, స్పార్స్ అనే కోడ్ తనిఖీ టూల్ నడిపితే తప్పు పట్టేస్తుంది.

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఐపీ హెడర్ బొమ్మ గీయిస్తారు, మార్కులు వేస్తారు. ల్యాబ్‌లో ఒక్క ప్యాకెట్ పట్టుకుని బైట్లు చూపించరు. పిల్లలకు ఇది చాలా అన్యాయం.

మీరు చేయాల్సింది: హెడర్‌లోకి హోస్ట్ ఆర్డర్ విలువ రాసే ప్రతి చోటునూ వెతికి తీసేయండి, అన్నీ ఒకే ప్యాచ్ సిరీస్‌లో. పంపేముందు డీఎఫ్ ఉన్న ప్యాకెట్, లేని ప్యాకెట్, నిజంగా ముక్కలైన ప్యాకెట్ మూడింటినీ ఫైర్‌వాల్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి పంపి చూడండి. ఎక్స్86 మెషీన్ మీదే చూడాలి. బిగ్ ఎండియన్ మెషీన్‌లో హోస్ట్ ఆర్డర్, నెట్‌వర్క్ ఆర్డర్ ఒకటే కాబట్టి ఈ స్వాప్‌లు ఏమీ చేయవు, బగ్ కనబడదు.