మెదక్ చర్చికి ఎండ ఉన్నప్పుడే వెళ్లు

అమ్మాయ్,

మీరిద్దరూ మెదక్ చర్చి చూడ్డానికి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. గోపురం ముందు సెల్ఫీ దిగి, లోపల ఒక చుట్టు చుట్టి వచ్చేయడానికైతే హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు పోనక్కర్లేదు. ఒక పూట దానికే కేటాయించుకోండి.

మబ్బు పట్టిన రోజు వద్దు. అక్కడి అసలు సొగసు మూడు పెద్ద రంగుటద్దాల కిటికీల్లో ఉంది. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం (అంటే యేసు పరలోకానికి ఎక్కిపోవడం). మూడూ ఒకేసారి పెట్టినవి కావు. ఆరోహణం 1927లో, పుట్టుక 1947లో, సిలువ 1958లో వచ్చాయి. బయటి వెలుగు పడితేనే లోపలికి ఆ రంగులు కనిపిస్తాయి. చీకటి పడ్డాక ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు. బయట నుంచి చూస్తే పగలు కూడా నల్లగానే ఉంటాయి, అదీ ఒకసారి చూడు. ఒక్కో కిటికీ ముందు కాసేపు కూర్చో. మబ్బు వచ్చి పోతుంటే రంగు మారడం తెలుస్తుంది.

తర్వాత తల పైకెత్తు. కొనదేలిన కమానులు గోథిక్ అనే పాత యూరప్ కట్టడాల పద్ధతివి. గుండ్రటి కమాను కంటే ఇవి బరువును ఎక్కువగా కిందికి దించుతాయి, పక్కలకు తోసేది తక్కువ. అందుకే కప్పును అంత ఎత్తుకు లేపగలిగారు. కిందున్న టైల్స్ ఇంగ్లండ్ నుంచి వచ్చినవి. కట్టించింది పోస్నెట్ అనే మిషనరీ. కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఆ స్తంభాల దగ్గర నిలబడితే నాకు దొర కంటే రాళ్లు మోసినవాళ్లే ఎక్కువ గుర్తొస్తారు.

గోపురం 175 అడుగులు. దగ్గర నుంచి ఫోటో తీస్తే సగమే పడుతుంది, గేటు వైపు బాగా వెనక్కి వెళ్లి తీయి. లోపల తీయొచ్చో లేదో అక్కడివాళ్లను ముందే అడుగు. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది, జనం ప్రార్థనలో ఉండగా మధ్యలో తిరగడం మర్యాద కాదు. క్రిస్మస్‌కు అసలే వద్దు, ఆ తోపులాటలో కిటికీలు కాదు కదా, పక్కనున్న మీ ఆయన కూడా కనిపించడు.

మెదక్ కోట కూడా చూస్తామంటే తెల్లారగానే ముందు దాన్నే ఎక్కేయండి. ఎండెక్కాక ఆ గుట్ట కష్టం, చర్చికేమో ఆ ఎండే కావాలి.

మీ మావయ్య